ఏరియా ఆస్పత్రిలో నైట్ డ్యూటీ సెక్యూరిటీ: ఉన్న కొద్ది డబ్బుల్తో ముందు ఏం చేయించుకోవాలి?

నైట్‌డ్యూటీ_సిస్టర్:

అందరికీ నమస్తే. నేను కోస్తాలో ఒక వంద పడకల ఏరియా ఆస్పత్రిలో స్టాఫ్ నర్సుని, ఎక్కువగా క్యాజువాలిటీలోనే డ్యూటీ. ఏ ఊరో అడగొద్దు ప్లీజ్.

ఈ మధ్య ఒక రాత్రి బైక్ యాక్సిడెంట్ కేసు వచ్చింది. కుర్రాడు తెచ్చేసరికే లేడు, ఈసీజీ తీసి చూశాం, డ్యూటీ డాక్టరమ్మ గారు ఆ మాట చెప్పారో లేదో బయట ఉన్న జనం అంతా ఒక్కసారి లోపలికి తోసుకొచ్చేశారు. డ్రెస్సింగ్ ట్రాలీ తిరగేశారు, మా ఎంఎన్ఓ (వార్డులో నర్సులకి సాయం చేసే) అబ్బాయిని కొట్టారు, మానిటర్ పగిలింది. నేను డాక్టరమ్మని ఇంజక్షన్ రూములోకి లాగి తలుపేశా, తీరా చూస్తే ఆ తలుపుకి గడియ లేదు, ఇద్దరం వీపులు ఆనించి నిలబడ్డాం. పోలీసులు వచ్చారు గానీ దెబ్బలు తిన్న మనిషే స్టేషన్‌కి వచ్చి కంప్లయింట్ ఇవ్వాలన్నారు. ఆ అబ్బాయి ఔట్‌సోర్సింగ్, భయపడి వెళ్ళలేదు. పొద్దున్నే ఊరి పెద్దలు వచ్చి రాజీ అన్నారు, అక్కడితో అయిపోయింది.

ఇప్పుడు మా సూపరింటెండెంట్ గారు హెచ్‌డీఎస్ (ఆస్పత్రి అభివృద్ధి సొసైటీ) మీటింగ్‌లో సెక్యూరిటీ విషయం పెడతాను, మీకు ఏం కావాలో రాసివ్వండి అన్నారు. నిజంగానే చెయ్యాలనే ఉంది ఆయనకి. కానీ డబ్బులు తక్కువ. కెమెరాలు ఇంకో నాలుగు పెట్టిద్దాం అంటున్నారు. ఉన్న కెమెరాల మానిటర్ ఆయన రూములోనే ఉంటుంది, రాత్రి ఆ రూముకి తాళం. రాత్రి గార్డులు ఇద్దరు, ఒకాయన పెద్దాయన, ఇంకొకతను స్ట్రెచర్ తోయడానికే సరిపోతాడు. స్టాఫ్ టాయిలెట్ వరండా చివర, అక్కడ లైటు ఎప్పుడూ ఉండదు. ప్రసూతి వార్డు పైన ఉంది, అక్కడ రాత్రి ఎవరొస్తున్నారో ఎవరు పోతున్నారో అడిగే నాథుడు లేడు.

కెమెరాలు కాకుండా ముందు ఏం అడగాలి? మీ ఆస్పత్రుల్లో పనికొచ్చినవి ఉంటే చెప్పండి. పేషెంట్ల వైపు నుంచి చెప్పేవాళ్ళున్నా చెప్పండి, వింటాను.

పీజీ_రెండో_సంవత్సరం:

సిస్టర్ గారూ, ముందు ఆ కంప్లయింట్ సంగతి చెప్తా, ఎందుకంటే అన్నిటికన్నా ఎక్కువ నష్టం అక్కడే జరుగుతోంది. దెబ్బ తిన్న మనిషే వెళ్ళి ఇవ్వాలన్నది తప్పు. ఉమ్మడి రాష్ట్రంలో 2008లోనే వైద్య సేవలు చేసేవాళ్ళ మీద, ఆస్పత్రుల మీద దాడులు ఆపడానికి ఒక చట్టం వచ్చింది, రెండు రాష్ట్రాల్లోనూ ఉంది. డాక్టర్లు, నర్సులు, పారామెడికల్ స్టాఫ్, మెడికోలు, నర్సింగ్ స్టూడెంట్లు అందరూ అందులోకి వస్తారు. మూడేళ్ళ దాకా జైలు, 50 వేల దాకా జరిమానా, నాన్ బెయిలబుల్, పోలీసులు వారెంట్ లేకుండా అరెస్ట్ చెయ్యొచ్చు. పగలగొట్టిన వస్తువుకి రెండింతలు కట్టించొచ్చు. మీ మానిటర్ ఖరీదుకి రెండింతలు అన్నమాట. ఇలాంటి కేసులో సంగతి తెలిసిన ఎవరైనా ఫిర్యాదు ఇవ్వొచ్చు, సూపరింటెండెంట్ గానీ ఆర్‌ఎంఓ (రెసిడెంట్ మెడికల్ ఆఫీసర్) గానీ ఆస్పత్రి లెటర్‌హెడ్ మీద రాసి పంపిస్తే చాలు. గవర్నమెంట్ ఉద్యోగిని డ్యూటీలో అడ్డుకుని కొడితే బీఎన్ఎస్ (ఐపీసీ బదులు వచ్చిన కొత్త శిక్షా చట్టం) సెక్షన్ 132 కూడా వేస్తారు, పాత ఐపీసీ 353 అదే.

కోల్‌కతా ఆర్‌జీ కర్ ఆస్పత్రిలో డ్యూటీలో ఉన్న లేడీ డాక్టర్ని రేప్ చేసి చంపేసిన ఘోరం జరిగాక 2024 ఆగస్టు 16న కేంద్ర ఆరోగ్య శాఖ తన కింద ఉన్న ఆస్పత్రులకి ఒక ఆర్డర్ పంపింది, డ్యూటీలో ఉన్న వాళ్ళ మీద దాడి జరిగితే ఆరు గంటల్లోపు ఆస్పత్రి తరఫునే ఎఫ్ఐఆర్ వేయించాలి, ఆ బాధ్యత ఆస్పత్రి హెడ్‌ది అని. మీది రాష్ట్ర ఆస్పత్రి కాబట్టి అది నేరుగా మీకు రాదు, కానీ దాన్నే మోడల్‌గా చూపించి హెచ్‌డీఎస్‌లో తీర్మానం చేయించుకోండి. దాడి జరిగితే కంప్లయింట్ ఆస్పత్రే ఇస్తుంది, దెబ్బ తిన్నవాళ్ళు సాక్షులుగా మాత్రమే ఉంటారు అని రాయించండి. దీనికి పైసా ఖర్చు లేదు. ఊరి పెద్దలు రాజీకి వచ్చినా ఆ ఎంఎన్ఓ అబ్బాయి మీద ఒత్తిడి పడదు, నా చేతుల్లో ఏం లేదండి ఆస్పత్రి పెట్టిన కేసు అంటాడు.

చట్టం ఉందని తెలియని పోలీసులు కూడా ఉన్నారు, అది నేను చూశాను. సెక్షన్లతో సహా పెద్ద బోర్డు రాయించి క్యాజువాలిటీ ముందు పెట్టండి, ఒక కాపీ స్టేషన్‌కి ఇవ్వండి. కేరళలో 2023లో కొట్టారక్కర ఆస్పత్రిలో హౌస్ సర్జన్‌ని చంపేశాక అక్కడి చట్టం గట్టిగా మార్చారు, తీవ్రంగా గాయపరిస్తే ఏడేళ్ళ దాకా వేసేలా. సెక్యూరిటీ గార్డులు, అంబులెన్స్ డ్రైవర్లు, హెల్పర్లని కూడా చేర్చారు. మన చట్టంలో కూడా ఆ మార్పు రావాలి, మీ ఎంఎన్ఓ లాంటి వాళ్ళే కదా ముందు దెబ్బలు తినేది.

మాజీ_హవల్దార్:

సిస్టర్ అమ్మా, నేను ఆర్మీ నుంచి వచ్చాక ఆస్పత్రుల్లో సెక్యూరిటీ సూపర్‌వైజర్‌గానే చేస్తున్నాను. డాక్టర్ గారు చెప్పింది జరిగాక చేసేది, జరగకుండా చేసేది నేను చెప్తా.

కెమెరా ఎవర్నీ ఆపదమ్మా. ఎవరైనా చూస్తుంటేనే దాని వల్ల ఉపయోగం. కొత్తవి నాలుగు కొనకండి, ఉన్న మానిటర్ని సూపరింటెండెంట్ గారి రూములోంచి తీసి గార్డు కూర్చునే చోటో నర్సింగ్ స్టేషన్‌లోనో పెట్టించండి, వైరు ఖర్చు తప్ప ఏమీ ఉండదు. ఫుటేజ్ ఎన్నాళ్ళు ఉంటుందో అడగండి, చాలాచోట్ల పాతది చెరిగిపోయి దాని మీదే కొత్తది ఎక్కుతూ ఉంటుంది, కేసు కోసం అడిగేనాటికి ఏమీ ఉండదు. గొడవ జరిగిన రోజే పెన్‌డ్రైవ్‌లోకి తీసి పెట్టుకోవాలి.

రెండోది తలుపులు. రాత్రి పది దాటాక ఆస్పత్రికి ఒక్క దారే తెరిచి ఉండాలి. మిగతా గేట్లకి లోపలి నుంచి గడియ, తాళం మాత్రం వద్దు, మంటలొస్తే జనం బయటకి పోలేరు. మీరు దాక్కున్న లాంటి గది ఒకటి ఎంచుకుని దానికి మంచి తలుపు, లోపల రెండు గడియలు, వీలైతే వెనక వైపు ఇంకో దారి, ఫోను ఉండాలి. మొదటగా ఆ గడియ పెట్టించండమ్మా, దానికి మీటింగ్ కూడా అక్కర్లేదు, రేపే కార్పెంటర్ని పిలవండి.

డాక్టరు కుర్చీ ఎక్కడ ఉందో చూడండి. చాలా క్యాజువాలిటీల్లో డాక్టరు గోడ మూలకి కూర్చుంటారు, ముందు టేబులు, టేబులు అవతల జనం, తలుపు జనం వెనకాల. గొడవ వస్తే పోవడానికి దారి లేదు. కుర్చీని తలుపు వైపుకి తిప్పండి. కత్తెరలు, బ్లేడ్లు, ఆర్టరీ ఫోర్సెప్స్ ఉన్న ట్రే జనానికి అందేచోట పెట్టొద్దు. కొట్టారక్కరలో జరిగింది కూడా అదే, పోలీసులు మెడికల్‌కి తెచ్చిన మనిషి అక్కడున్న సర్జికల్ కత్తెరతోనే పొడిచాడు. పోలీసులు తెచ్చిన వాళ్ళకి చూసినంతసేపూ కానిస్టేబుల్ పక్కనే నిలబడాలని మీరు గట్టిగా అడగాలి, ఎమ్మెల్సీ (పోలీసు కేసుల్లో డాక్టరు రాసే రిపోర్టు) రాసేదాకా బయట టీ తాగడానికి పోకూడదు.

బెల్లు. పెద్ద పెద్ద పానిక్ అలారం కంపెనీలు వస్తాయి, లక్షలు చెప్తారు. మామూలు ఎలక్ట్రీషియన్‌తో డాక్టరు టేబుల్ కింద ఒక స్విచ్, నర్సింగ్ స్టేషన్‌లో ఒకటి, లేబర్ రూములో ఒకటి పెట్టించి గార్డు దగ్గర, పై వార్డులో సైరన్ మోగేలా చెయ్యొచ్చు, ఇన్వర్టర్ లైన్ మీద. మోగితే ఎవరు ఎక్కడికి రావాలో ముందే రాసుకుని నెలకోసారి మోగించి చూడండి. కేరళ ఆస్పత్రుల్లో దీన్ని కోడ్ గ్రే అని ఒక పద్ధతిగా పెట్టారు.

గార్డుల మాట. స్ట్రెచర్ తోసేవాడు గార్డు కాదు. ఏజెన్సీ అగ్రిమెంట్ తీసి చదవండి, ఎంతమందికి బిల్లు పెడుతున్నారో, రాత్రి ఎంతమంది వస్తున్నారో పోల్చండి. అందులోనే మీకు ఇంకో మనిషి దొరకొచ్చు. పేషెంటుతో ఇద్దరికే పాస్ ఇచ్చి మిగతా అందర్నీ గేటు బయటే ఆపాలి, అది ఖచ్చితంగా చెయ్యాలి.

కరీంనగర్_బిడ్డ:

అందరు మంచిగనే చెప్తున్నరు గని ఈ ఇద్దరికే పాస్ అన్న కాడ నేనొకటి చెప్తనన్నా, ఏమనుకోవద్దు. మా అమ్మను స్ట్రోక్ వస్తె ఒక పెద్ద సర్కారు దవాఖానల చేర్పిచ్చినం. సెలైన్ సీసా ఎవలు పట్టుకున్నరు, మేమే. స్కానింగ్‌కు ఎవలు తీస్కపోయిన్రు, మేమే. బెడ్‌షీట్ మార్చింది, యూరిన్ బ్యాగు తీసింది, రక్తం కోసం బ్లడ్ బ్యాంకుకు ఉరికింది మేమే. ఒకలు అమ్మకాడ, ఒకలు మందుల కాడ, ఒకలు రిపోర్టుల కాడ ఉండాలె. ఇద్దరే అంటే ఎట్ల అయితది. మనుషులను తక్కువ పెట్టి పని అటెండెంట్లతోని చేయించుకుంట, మల్ల వాళ్ళే ఎక్కువైన్రు అంటె ఎట్ల.

కోపం ఎట్ల వస్తదో చెప్త. పొద్దున పోయినం, చీకటైనంక గూడ ఏమైందో చెప్పినోళ్ళు లేరు. డాక్టర్లను అంటలేను, ఒక్క పిలగాడు అంతమందిని చూస్తుండు, అన్నం గూడ తినలే పాపం. గని మాకు చెప్పే మనిషి ఒక్కడు ఉంటె బాగుండు. డాక్టరే కానక్కర్లే, మీ అమ్మకు ఇది అయింది, స్కాన్ అయినంక సార్ చూస్తడు, గంట పడ్తది అని చెప్తె మేము కూసుంటం. చెప్పకపోతె భయం అయితది, భయం ఎక్కువైతె నోరు లేస్తది. కొట్టుడు తప్పు, ఎవలు కొట్టినా తప్పే, దానికి కేసు పెట్టాలె. గని ఆడిదాక రాకుండ ఆపే మనిషి గార్డు కాదు, చెప్పే మనిషి.

ఇంకోటి, గార్డులు మమ్మల్ని కాపాడుతరని మాకెవలకు అనిపియ్యదు. గేటు కాడ పైసలు అడుగుతరు, స్ట్రెచర్‌కు పైసలు, మొగపిల్లగాడు పుడితె చూపెట్టనీకె పైసలు. రాత్రి వరండల పండుకుంటె ఫోన్లు పోతయి. మా చెల్లె రాత్రి బాత్రూంకు పోవాల్నంటె నేను ఎంట పోయి బయట నిలవడ్డ, తలుపుకు గొళ్ళెం లేదు. సిస్టర్ చెప్పిన టాయిలెట్ లైటు స్టాఫ్‌దే కాదు, మాది గూడ పెట్టియ్యున్రి. 2022ల విజయవాడ ప్రభుత్వ దవాఖానల మతి సరిగ లేని ఆడిపిల్ల మీద జరిగిన అఘాయిత్యంల అరెస్టైనోళ్ళల్ల ఆడ పనిచేసే కాంట్రాక్టు మనుషులు గూడ ఉన్నరు. దవాఖానలకు పనికి వచ్చే ప్రతి మనిషికి పోలీసు వెరిఫికేషన్ ఉండాలె, మెడల ఫోటో కార్డు ఉండాలె. సెక్యూరిటీ అంటె పేషెంటు నుంచి స్టాఫ్‌ను కాపాడుడు ఒక్కటే కాదు గద.

మాజీ_హవల్దార్:

తమ్ముడూ, నువ్వు చెప్పింది నిజం. పాస్ లెక్క వార్డుని బట్టి మార్చుకోవచ్చు, ఒంటరిగా లేవలేని పేషెంటుకి ముగ్గురు. క్యాజువాలిటీ లోపల మాత్రం ఇద్దరు దాటొద్దు, డాక్టరు చెయ్యి ఆడదు. కానీ బయట ఆపితే బయట కూర్చునే చోటుండాలి, ఫ్యాను, మంచినీళ్ళు, బెంచీలు ఉండాలి, వానలో నిలబెట్టి లోపలికి రావద్దంటే ఎవరు ఆగుతారు. గార్డు పైసలు అడిగితే ఫిర్యాదు చెయ్యడానికి ఒక ఫోన్ నంబరు గేటు మీదే రాసుండాలి, ఆ నంబరు ఏజెన్సీది కాదు, ఆస్పత్రిది.

నైట్‌డ్యూటీ_సిస్టర్:

కరీంనగర్ తమ్ముడూ, ఆ మాట చెప్పినందుకు చాలా థాంక్స్. మా దగ్గర హెల్ప్ డెస్క్ ఉంది, పగలే పనిచేస్తుంది. రాత్రికి ఒక మనిషిని అక్కడ కూర్చోబెట్టమని అడుగుతా, కెమెరాల డబ్బుతో ఒకరి జీతం కొన్నాళ్ళు వస్తుంది. ఆస్పత్రిలో పోలీసు అవుట్‌పోస్ట్ లేదు మాకు, స్టేషన్ దగ్గరే. ఎవరికైనా ప్రసూతి వార్డు గురించి తెలిస్తే చెప్పండి, నిద్ర పట్టనిది అదే నాకు.

ఎస్ఎన్‌సీయూ_లక్ష్మి:

అక్కా నేను పుట్టిన పిల్లల వార్డులోనే ఉంటా. 2018లో హైదరాబాద్ కోఠి ప్రసూతి ఆస్పత్రిలో ఆరు రోజుల పాపని ఒకావిడ ఎత్తుకుపోయింది కదా, ఆ తల్లి ఆవిడని ఆస్పత్రి మనిషే అనుకుంది, తర్వాత బీదర్‌లో దొరికింది పాప. 2016లో విజయవాడలో కూడా ఇలాగే అయింది. దొంగతనంగా గోడ దూకి ఎవరూ రారక్కా, రెండు మూడు రోజులు వార్డులోనే తిరుగుతారు, తల్లులతో మాటలు కలుపుతారు, పాలు పోసిస్తారు, తర్వాత బిడ్డని టీకాకి తీసుకెళ్తా అనో ఎండలో చూపిస్తా అనో అంటారు. తల్లి సిజేరియన్ అయి లేవలేదు, నమ్ముతుంది.

అందుకని మేం చేసేది ఏంటంటే, పుట్టగానే తల్లి చేతికి బిడ్డ కాలికి ఒకే నంబరు ట్యాగు. బిడ్డని తల్లి దగ్గర్నుంచి తీసుకెళ్ళేది డ్యూటీ సిస్టర్ ఒక్కరే, వెంట ఇంట్లో మనిషి ఒకరు రావాల్సిందే. ఈ మాట అడ్మిషన్ రోజే తల్లికీ అత్తగారికీ చెప్తాం, తెల్లకోటు వేసుకొచ్చినా కార్డు చూడందే ఇవ్వొద్దని. వార్డు మెట్ల దగ్గర ఒక ఆడ గార్డు, చేతిలో బిడ్డతో ఎవరు దిగినా డిశ్చార్జ్ స్లిప్, ట్యాగు నంబరు కలిపి చూసి బుక్కులో సంతకం తీసుకుంటుంది. బిడ్డ కనపడలేదని అరుపు వినపడితే కోడ్ పింక్, అంటే వెతకడం తర్వాత, ముందు అన్ని గేట్లూ మూసేస్తారు, బ్యాగులు కూడా చూస్తారు. ఎత్తుకుపోయేవాళ్ళకి కావాల్సింది గేటు దాటే పది నిమిషాలే.

మీకు పై వార్డుకి మెట్లు ఎన్ని వైపుల ఉన్నాయో చూడండి, రెండోది ఉంటే రాత్రి లోపల గడియ పెట్టండి, పక్కన ఒక ఆయా మంచం.

పీజీ_రెండో_సంవత్సరం:

నేను రెండు విషయాలు కలుపుతా. కరీంనగర్ అన్న చెప్పినట్టు చెప్పే మనిషి ముఖ్యమే, కానీ అన్ని దాడులూ కోపంతో రావు. 2024 ఆగస్టులో తిరుపతి స్విమ్స్‌లో ఒక జూనియర్ డాక్టర్ని జుట్టు పట్టుకుని తలని మంచం ఇనప కమ్మీకి కొట్టింది పేషెంటే, అటెండెంట్లు కాదు. మూర్ఛ వచ్చి తేరుకుంటున్నవాళ్ళు, మందు తాగి వచ్చినవాళ్ళు, సోడియం పడిపోయినవాళ్ళు వాళ్ళకి తెలియకుండానే మీద పడతారు. అలాంటి పేషెంటు దగ్గరికి ఒక్కరే వెళ్ళకూడదు, ఇంకొకరు కాళ్ళవైపు ఉండాలి, ఏ ఇంజక్షన్ ఎంత ఇవ్వాలో ముందే అనుకుని లోడ్ చేసి పెట్టుకోవాలి. వాళ్ళని క్రిమినల్స్‌గా చూడొద్దు, జబ్బే అలా చేయిస్తుంది, కానీ దెబ్బ మాత్రం దెబ్బే.

రెండోది పడుకునే గది. ఆర్‌జీ కర్‌లో ఆ అమ్మాయి సెమినార్ హాల్లో ఎందుకు పడుకుంది, 36 గంటల డ్యూటీలో కాసేపు నడుము వాల్చడానికి సరైన గది లేక. ఆ తర్వాత డాక్టర్ల సంఘం ఐఎంఏ ఒక సర్వే చేస్తే 3,885 మంది స్పందించారు, మూడోవంతు కన్నా ఎక్కువమంది నైట్ డ్యూటీలో భయంగానే ఉంటుందన్నారు, 45 శాతం మంది రాత్రి డ్యూటీ రూమే లేదన్నారు. సుప్రీం కోర్టు వేసిన నేషనల్ టాస్క్‌ఫోర్స్ ఆస్పత్రికో సెక్యూరిటీ కమిటీ ఉండాలని కూడా చెప్పింది. ఆ కమిటీలో నర్సులు, పీజీలు, నాలుగో తరగతి వాళ్ళు ఉండేలా అడగండి, పైవాళ్ళే కూర్చుంటే టాయిలెట్ లైటు సంగతి ఎవరికీ తెలీదు. మీ డ్యూటీ రూముకి గడియ, అటాచ్డ్ బాత్రూం, వార్డుకి దగ్గరగా, ఆడవాళ్ళకి విడిగా. ఇది సౌకర్యం కాదండీ, సెక్యూరిటీ కిందే రాయండి.

చావు కబురు చెప్పే పద్ధతి కూడా రాసుకోండి. బెడ్డు పక్కన జనం మధ్యలో నిలబడి చెప్పొద్దు. దగ్గరి వాళ్ళు ఇద్దర్ని పక్క గదికి పిలిచి, కూర్చోబెట్టి, డాక్టరుతో పాటు ఒక సీనియర్ సిస్టర్ ఉండి చెప్పాలి, పోస్ట్‌మార్టం ఎందుకు తప్పదో, ఎమ్మెల్సీ అంటే ఏంటో, బాడీ ఎప్పుడిస్తారో అప్పుడే చెప్పాలి. చెప్పే ముందే గార్డుకి కబురు పెట్టాలి, వచ్చి తలుపు దగ్గర ఊరికే నిలబడితే చాలు.

నైట్‌డ్యూటీ_సిస్టర్:

అందరూ చెప్పినవి రాసుకున్నాను. గడియ రేపే పెట్టిస్తాను, అది నా జేబులోంచైనా సరే. మీటింగ్‌కి రాసిచ్చే లిస్టులో ముందు రాత్రి హెల్ప్ డెస్క్ మనిషి, తర్వాత బెల్లు, లైట్లు, ప్రసూతి మెట్ల దగ్గర ఆడ గార్డు, కెమెరాలు ఆఖర్న. డాక్టర్ గారూ, కంప్లయింట్ ఫార్మాట్ ఒకటి రెడీగా ఉంచుకుంటే రాత్రి కంగారులో రాయక్కర్లేదు కదా, అందులో ఏమేం ఉండాలో చెప్తారా?

పీజీ_రెండో_సంవత్సరం:

తప్పకుండా. పైన ఆస్పత్రి పేరు, తేదీ, టైము, ఏ వార్డు. ఎవరు డ్యూటీలో ఉన్నారో, వాళ్ళ హోదా. ఏం జరిగిందో వరసగా, తిట్లు ఉంటే ఆ మాటలే యథాతథంగా, ఎవరు ఎవర్ని దేంతో కొట్టారో. దెబ్బలకి వూండ్ సర్టిఫికెట్ జత చెయ్యాలి, స్టాఫ్‌కి కూడా ఎమ్మెల్సీ రాయాలి, మనవాళ్ళే కదా అని వదిలేస్తారు, అక్కడే కేసు పోతుంది. పగిలిన వస్తువుల లిస్టు, స్టాక్ రిజిస్టర్ ప్రకారం ఖరీదు, ఫోటోలు. ఫుటేజ్ ఏ కెమెరాది ఎన్నింటి నుంచి ఎన్నింటి దాకా. కింద 2008 చట్టం పేరు, బీఎన్ఎస్ 132. సంతకం సూపరింటెండెంట్ లేదా ఆ రాత్రి డ్యూటీ ఆర్‌ఎంఓ. స్టేషన్‌లో ఇచ్చాక రసీదు తీసుకోండి, ఎఫ్ఐఆర్ కాపీ ఫ్రీగా ఇవ్వాలి, అడగండి.